ఆల్బమ్ డేట్ చెప్పేశాం, ఇప్పుడు టెస్ట్ ప్రెసింగ్‌లో టిక్కు వస్తోంది. ప్రీఆర్డర్ చేసినవాళ్ళకి ఎలా చెప్పాలి, డిజిటల్ కూడా ఆపాలా?

నాలుగో_తీగ:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నా కానీ రాయడం ఇదే మొదటిసారి, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది నలుగురి రాక్ బ్యాండ్. లేబుల్ లేదు, మేనేజర్ లేడు, రికార్డింగ్ దగ్గర్నుంచి పార్సిల్ మీద అడ్రస్ రాయడం దాకా అన్నీ మేమే. రెండేళ్ళ కిందట 5 పాటల ఈపీ ఒకటి వదిలాం. అప్పుడు మాకేం తెలీదు, మాస్టరింగ్ అవ్వగానే డిస్ట్రిబ్యూటర్‌లో (పాటల్ని స్ట్రీమింగ్ యాప్‌లకి పంపే సర్వీసు) ఎక్కించేసి రిలీజ్ రోజు పొద్దున్నే "వచ్చేసింది, వినండి" అని ఒక్క పోస్ట్ పెట్టాం, అంతే. మా షోలకి ప్రతిసారీ వచ్చి ముందు వరసలో నిలబడి మాతోపాటు పాడేవాళ్ళకే తెలీలేదు. మూడు నెలల తర్వాత ఒకమ్మాయి షో అయ్యాక నేను కేబుళ్ళు చుట్టుకుంటుంటే దగ్గరికొచ్చి "అన్నా, ఆ రెండో పాట రికార్డ్ చేస్తే చెప్పండి, కొనుక్కుంటా" అంది. అది అప్పటికే వచ్చి మూడు నెలలు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకని ఈసారి ముందునుంచే చెప్పుకుంటూ వచ్చాం. ఆల్బమ్ 9 పాటలు, 38 నిమిషాలు, ఒక్కో వైపు 19. వినైల్, అంటే గ్రామఫోన్ ప్లేట్లు, 300 కాపీలు. రెండు సింగిల్స్ వదిలాం, షోలో ఒక నోట్‌బుక్ పెట్టి ఈమెయిళ్ళు రాయించుకున్నాం, 210 మంది రాశారు. ప్రీఆర్డర్ తెరిస్తే 64 వచ్చాయి. మా స్థాయికి అది చాలా చాలా ఎక్కువ, ఆ రోజు మా డ్రమ్మర్ ఆ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళమ్మకి పంపాడు.

ఇప్పుడు సమస్యేంటంటే, పోయిన వారం 5 టెస్ట్ ప్రెసింగ్స్ (మొత్తం నొక్కే ముందు విని చూడమని ప్లాంట్ పంపే శాంపిల్ ప్లేట్లు) వచ్చాయి. రెండో వైపు మూడో పాటలో, గిటార్లు ఆగిపోయి గొంతు ఒక్కటే ఉండే చోట "టిక్" అని గట్టిగా వినిపిస్తోంది. ఆ పాట మొత్తంలో నిశ్శబ్దం ఉండేది ఆ ఒక్కచోటే, సరిగ్గా అక్కడే. ప్లాంట్ వాళ్ళకి రాస్తే, మళ్ళీ లాకర్ (పాట గాడిని మొదట కోసే మూల డిస్క్) కోయించాలి, 8 వారాలు పట్టొచ్చు అన్నారు. మేం చెప్పిన రిలీజ్ డేటు ఇంకా 5 వారాలే ఉంది. గుండెల్లో రాయి పడింది.

మా నలుగురిలోనే మూడు మాటలు. ఒకడు ఇంకో రెండు వారాలు ఆగి చూద్దాం, అప్పుడే చెప్పొద్దు అంటాడు. ఒకడు డిజిటల్ అనుకున్న రోజే వదిలేసి వినైల్ తర్వాత పంపుదాం అంటాడు. మా డ్రమ్మర్ మొత్తం వాయిదా వేద్దాం, ఒకే రోజు అన్నీ రావాలి అంటాడు. నాకైతే ఆ 64 మందికి ముఖం ఎలా చూపించాలో తెలీట్లేదు. ఇలాంటిది పడ్డవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. అసలు ఆ కబురు ఎలా రాయాలి? ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి?

---

చిన్న_లేబుల్:

ముందు అర్జెంటు విషయం. ఇవాళే చెప్పేయండి. ఇవాళ రాత్రి పడుకునే లోపు.

నేను పదకొండేళ్ళుగా ఒక చిన్న లేబుల్ నడుపుతున్నా, నా ఇంట్లో ఒక గది, అంతే, ఇప్పటిదాకా 23 రికార్డులు. అందులో చెప్పిన తేదీకి ప్లేటు చేతికొచ్చినవి లెక్కపెడితే సగం కూడా ఉండవు. మొదట్లో ఒకసారి మీ ఫ్రెండ్ అన్నట్టే "చూద్దాం" అని నోరు నొక్కుకుని కూర్చున్నా. మూడు వారాలు గడిచాయి, డేట్ దాటిపోయింది, జనం "నా పార్సిల్ ఎక్కడ" అని అడగడం మొదలెట్టాక అప్పుడు చెప్పా. ఆలస్యానికి ఎవరూ తిట్టలేదు, "మీకు నెల కిందటే తెలుసు కదా, మాకెందుకు చెప్పలేదు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అందులో ఇద్దరు మళ్ళీ నా దగ్గర ఏమీ కొనలేదు, ఆ పేర్లు నాకిప్పటికీ గుర్తే.

ఎలా రాయాలి అంటే, మీరు ఇక్కడ మాకు రాసినట్టే రాయండి. నిజంగా. "అనివార్య కారణాల వల్ల" అని మొదలెట్టొద్దు, అది ఆఫీసు నోటీసు భాష, అది చదివితే ఏదో దాస్తున్నారనే అనిపిస్తుంది. టెస్ట్ ప్రెసింగ్ అంటే ఏంటో రెండు లైన్లలో చెప్పి, ఏ పాటలో ఏ చోట టిక్ వస్తోందో చెప్పి, మేం దాన్ని అలా వదల్లేం అని చెప్పండి. వినేవాళ్ళకి ఈ లోపలి సంగతులంటే విసుగు అనుకుంటాం కానీ అస్సలు కాదు. 1977 జనవరిలో ఇంగ్లండ్ పంక్ బ్యాండ్ బజ్‌కాక్స్ వాళ్ళు సొంతంగా పెట్టుకున్న న్యూ హార్మోన్స్ లేబుల్ మీద స్పైరల్ స్క్రాచ్ ఈపీ వదిలినప్పుడు కవర్ మీదే ఏ పాట ఎన్నో టేక్, ఎన్ని ఓవర్‌డబ్స్ (తర్వాత పైన కలిపినవి) అని అచ్చు వేశారు. మొదట నొక్కించింది 1000 కాపీలు. ఆ కవర్ చదివినోళ్ళు, ఓ ఇలా చేస్తారా, అయితే మనమూ చెయ్యొచ్చు అనుకున్నారు, సొంత రికార్డులు వేసుకునే బ్యాండ్లు ఆ తర్వాత వరసపెట్టి వచ్చాయి. రికార్డు ఎలా తయారైందో చెప్పడం కూడా రికార్డులో భాగమే అని నేను గట్టిగా నమ్ముతా.

రెండోది, ఆ ఉత్తరంలో కొత్త డేట్ వేయొద్దు. ఇది చాలా ముఖ్యం. ప్లాంట్ వాళ్ళు 8 వారాలు "పట్టొచ్చు" అన్నారు, ఆ "పట్టొచ్చు" మీ ఉత్తరంలోకి వచ్చేసరికి "8 వారాల్లో వస్తుంది" అయిపోతుంది, అది కూడా తప్పితే ఇక మీ మాట ఎవరూ నమ్మరు. "కొత్త టెస్ట్ ప్రెసింగ్ విని బాగుందనుకున్న రోజు మీకే ముందు చెప్తాం, డేట్ అప్పుడే చెప్తాం" అని రాయండి. ఈసారికి అయిపోయింది గానీ తర్వాత రికార్డుకైనా టెస్ట్ ప్రెసింగ్ ఓకే చేసేదాకా వినైల్ తేదీ బయటికి చెప్పొద్దు. డిజిటల్‌కి ఒక డేట్, ప్లేటుకి ఒక డేట్, మొదట్నుంచీ విడివిడిగా చెప్తే ఈ బాధే ఉండదు. డబ్బు వెనక్కి కావాలంటే ఇస్తాం అని ఒక్క ముక్క కూడా పెట్టండి, అడిగేవాళ్ళు ఒకరిద్దరుంటారు, మిగతావాళ్ళకి ఆ మాట చూస్తేనే ధైర్యం.

---

సూదిమొన:

నేను కటింగ్ లేత్ మీద పని చేస్తాను, లాకర్లు కోస్తాను. ఉత్తరం సంగతి పైన అన్న బాగా చెప్పారు, నేను ఆ టిక్ గురించి అడుగుతా ఎందుకంటే 8 వారాలు నిజంగా అవసరమా అనేదే నాకు డౌటు.

5 టెస్ట్ ప్రెసింగ్స్ వచ్చాయన్నారు. అయిదూ విన్నారా? చాలామంది ఒకటి విని ప్లాంట్‌కి రాసేస్తారు. టిక్ ఒక్క కాపీలోనే ఉంటే అది ఆ ప్లేటు గొడవ, దుమ్మో గీతో ఏదో పడి ఉంటుంది, మిగతా 300కి సంబంధం లేదు. అయిదింటిలోనూ అదే చోట వస్తే అప్పుడు లోహంలో, అంటే ప్లేట్లు నొక్కడానికి చేసే లోహపు అచ్చుల్లో, ఉన్నట్టు.

ఇంకోటి, టిక్ ఒక్కసారి వచ్చి పోతోందా, మళ్ళీ మళ్ళీ వస్తోందా? వాచీ పెట్టి చూడండి. 33⅓ ఆర్‌పీఎం, నిమిషానికి అన్ని చుట్లు, అంటే ఒక చుట్టుకి సరిగ్గా 1.8 సెకన్లు. 1.8 సెకన్లకోసారి టిక్, టిక్, టిక్ అని వరసగా వస్తే పక్కపక్క గాడులకి అడ్డంగా ఒక గీత పడిందని అర్థం. ఒక్కటే అయితే ఒక గాడిలో చిన్న మచ్చ.

ఇప్పుడు అది లోహంలో ఉందే అనుకుందాం. ఏ లోహంలో అనేది చూడాలి. తెలీనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తా. నేను కోసేది అల్యూమినియం ప్లేటు మీద నైట్రోసెల్యులోజ్ లాకర్ పూత పూసిన డిస్క్, కొత్తది చేత్తో పట్టుకుంటే నల్లటి అద్దంలా ఉంటుంది, మీ ముఖం కనిపిస్తుంది. దానికి వెండి పూత పూసి నికెల్ తొట్టిలో వేస్తారు, నికెల్ పొర పేరుకున్నాక ఊడదీస్తే ఫాదర్ వస్తుంది. అందులో గాడి ఉండదు, గాడి ఉండాల్సిన చోట గట్టు లేచి ఉంటుంది. ఊడదీసేటప్పుడు లాకర్ మామూలుగా పాడైపోతుంది. ఫాదర్ మీద మళ్ళీ నికెల్ పెంచితే మదర్, అందులో గాడి ఉంటుంది. మదర్ మీద పెంచితే స్టాంపర్, ప్లేట్లు నొక్కేది దానితోనే.

మదర్‌లో గాడి ఉంటుంది కాబట్టి దాన్ని టర్న్‌టేబుల్ మీద పెట్టి వినొచ్చు! ప్లాంట్‌ని అడగాల్సింది ఒక్కటే, "మదర్ విన్నారా, అందులో ఈ టిక్ ఉందా" అని. మదర్ శుభ్రంగా ఉంటే మచ్చ స్టాంపర్‌లోనే ఉంది, కొత్త స్టాంపర్ ఒకటి పెంచితే అయిపోతుంది, అది రోజుల పని, నెలల పని కాదు. మదర్‌లో కూడా ఉంటే అప్పుడు నిజంగానే మళ్ళీ కోయాలేమో.

కాకపోతే చిన్న ఆర్డర్లకి కొందరు ఖర్చు తగ్గించడానికి మదర్ చేయరు, ఫాదర్‌నే స్టాంపర్‌గా వాడేస్తారు. అప్పుడు వినడానికి మదరే ఉండదు. మీ ఇన్వాయిస్ తీసి ఏం రాశారో చూసి చెప్పండి.

---

నాలుగో_తీగ:

సూదిమొన గారూ నిజం చెప్తున్నా, రెండే విన్నాం. రెండిట్లోనూ ఉంటే ఇక అన్నింట్లోనూ అంతేలే అనుకున్నాం. ఈ రాత్రికి అయిదూ వింటా. ఇన్వాయిస్ చూశా, మదర్ అని రెండు వైపులకీ విడిగా లైన్ ఉంది, అంటే ఉన్నట్టే కదా? మదర్ సంగతి ప్లాంట్ వాళ్ళు మాతో ఎత్తలేదు, మాకు అడగాలనీ తెలీదు. మెయిల్ పెడుతున్నా ఇప్పుడే.

---

ఎడమచెయ్యి_డ్రమ్స్:

నేను మీ డ్రమ్మర్ పక్షం. నాదీ అదే వాయిద్యం అని కాదు 🙂 మేం ఈ రెండు దారులూ చూశాం.

మొదటి ఆల్బమ్‌కి డిజిటల్ ముందు వదిలాం, ప్లేటు నాలుగు నెలలకి వచ్చింది. అప్పటికి అందరూ వినేశారు, మేమూ ఆ పాటలు వాయించి వాయించి కొత్త పాటల మీద పడ్డాం. డబ్బాలు వచ్చిన రోజు విప్పి చూసి చాలా సంతోషపడ్డాం కానీ బయటికి చెప్తే "ఓ అదా, విన్నాంగా" అన్నట్టే ఉంది. రెండో ఆల్బమ్‌కి ప్లేట్లు చేతిలో పెట్టుకుని అప్పుడు అనౌన్స్ చేశాం, అన్నీ ఒకే శుక్రవారం. ఆ రోజు షోలో జనం చేతుల్లో రికార్డు పట్టుకుని నిలబడ్డారు, మొదటి పాట మొదలవుతుంటే కవర్లు పైకెత్తారు, అది నేను చచ్చేదాకా మర్చిపోను. పాట ముందు గాల్లోకి వెళ్ళిపోయి వస్తువు తర్వాత వస్తే ఆ వస్తువు ఉత్త జ్ఞాపిక అయిపోతుంది, నా బాధ అది. 8 వారాలేగా, మూడేళ్ళు రాసిన పాటలకి 8 వారాలు ఎక్కువ కాదు.

---

చిన్న_లేబుల్:

@ఎడమచెయ్యి_డ్రమ్స్ మీరు రెండోసారి చేసింది కరెక్టే, అది మంచి పద్ధతే. కానీ వీళ్ళు అప్పుడే డేట్ చెప్పేశారు, సింగిల్స్ వదిలేశారు, 210 మంది ఆ తేదీ కోసం చూస్తున్నారు. ఇప్పుడు వాళ్ళ దగ్గర్నుంచి పాటలు కూడా వెనక్కి లాక్కుంటే ఎలా? ప్లేటులో మచ్చ ఉంది, పాటలో లేదు కదా.

ప్లేటు తర్వాత వస్తే వేడి చల్లారిపోతుంది అనేది కూడా ప్రతిసారీ నిజం కాదు. 2007లో బ్రిటిష్ బ్యాండ్ రేడియోహెడ్ వాళ్ళకి రికార్డు కంపెనీ కాంట్రాక్టు అయిపోయాక ఇన్ రెయిన్‌బోస్ ఆల్బమ్‌ని అక్టోబర్ 10న సొంత సైట్‌లో మీకు తోచినంత ఇవ్వండి అని వదిలారు, అది వస్తోందన్న కబురు కూడా ఓ పది రోజుల ముందే చెప్పారు. మామూలు షాపుల్లోకి సీడీ, ఎల్పీ వచ్చింది ఆ డిసెంబర్ ఆఖర్లో, అప్పటికి కావాల్సినవాళ్ళందరి దగ్గరా పాటలున్నాయి, అయినా బ్రిటన్ చార్టులోనూ అమెరికా చార్టులోనూ నంబర్ వన్‌లోకి వెళ్ళింది. వాళ్ళంత పెద్ద బ్యాండ్‌తో మనకి పోలికేంటి అంటారు, ఒప్పుకుంటా, జనం లెక్కలో పోలిక లేదు. కానీ పాట విన్నవాడే ప్లేటు కొంటాడు అనేది పెద్దవాళ్ళకీ చిన్నవాళ్ళకీ ఒకటే. నా 23 రికార్డుల్లో ఎక్కువ అమ్ముడైనవి అందరూ ముందే వినేసినవే.

ఇంకో ప్రాక్టికల్ ఇబ్బంది కూడా ఉంది. డిస్ట్రిబ్యూటర్‌లో ఇప్పటికే తేదీతో ఎక్కించి ఉంటే అది ఇప్పుడు మార్చడం తలనొప్పి, కొన్ని చోట్ల కొత్త డేట్ పడుతుంది కొన్ని చోట్ల పాతదే ఉండిపోతుంది, ఆల్బమ్ సగం చోట్ల వచ్చి సగం చోట్ల రాదు. స్పాటిఫైలో ఎడిటర్లకి పిచ్ (మా పాట ప్లేలిస్టులో పెట్టండి అని అడగడం) పెట్టుకునేది రాబోయే పాట ఒక్కటే, అది కూడా కనీసం 7 రోజుల ముందు పెడితేనే ఫాలోయర్ల రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల ప్లేలిస్టులోకి మీరు అడిగిన పాట వెళ్తుంది. ఆల్బమ్ నుంచి ఏ పాట పెట్టాలో ఇంకా తేల్చుకోకపోతే ఈ గొడవలో అది మర్చిపోకండి. అలాగే ముందు వదిలిన రెండు సింగిల్స్‌కి ఏ ఐఎస్‌ఆర్‌సీ నంబర్లు ఉన్నాయో ఆల్బమ్‌లోనూ అవే వేయండి. అది 12 అక్షరాల నంబరు, రికార్డింగ్‌కి ఆధార్ లాంటిది అనుకోండి. కొత్త నంబర్ ఇస్తే అదే పాట వేరే పాటగా లెక్కలోకి వెళ్ళి, పాత ప్లేల లెక్క ఆల్బమ్ వైపు రాదు. ఒక బ్యాండ్‌కి ఇది జరిగి నేను వారం రోజులు మెయిళ్ళు రాశా.

---

రెండోవైపు_ముందు:

నేను బ్యాండూ కాదు లేబులూ కాదు, కొనే మనిషిని. ఈ 64 మందిలాంటోడిని. నా మాట కూడా ఒకటి వినండి.

నాకు ఆలస్యం సమస్యే కాదు. పోయినేడు ప్రీఆర్డర్ చేసిన ఒక రికార్డు ఏడు నెలలకి వచ్చింది, ఆ బ్యాండ్ వాళ్ళు ప్రతి నెలా ఒక మెయిల్ రాసేవాళ్ళు, పెద్దగా ఏం ఉండదు, ఈ నెల కవర్ ప్రూఫ్ వచ్చింది నీలం రంగు మరీ ముదురుగా ఉంది వెనక్కి పంపాం, ఈ నెల లేబుల్ కాగితాలు ఓవెన్‌లో ఆరబెడుతున్న ఫోటో ప్లాంట్ వాళ్ళు పంపారు, ఇలా. ప్లేటు మధ్యలో ఉండే ఆ గుండ్రటి కాగితం జిగురుతో అంటిస్తారని నేను ఇన్నాళ్ళూ అనుకునేవాడిని, అది కాదంట, వేడి పీవీసీ ముద్దకి అటొకటి ఇటొకటి పెట్టి ప్లేటుతోపాటే నొక్కేస్తారంట, తేమ ఉంటే ఉబ్బిపోతుందని ముందే ఆరబెడతారంట. ఆ మెయిల్ చదివాక నా దగ్గరున్న రికార్డులన్నీ తీసి ఆ కాగితం అంచు మీద గోరుతో తడిమి చూశా, నిజంగానే అంచు తగలదు. ఏడు నెలలు నేను ఆ రికార్డు తయారవుతుంటే పక్కనే ఉన్నట్టు అనిపించింది.

ఇంకో బ్యాండ్ ఆరు వారాలే ఆలస్యం, కానీ ఒక్క ముక్క చెప్పలేదు, అడిగితే జవాబు లేదు, అదే టైమ్‌లో ఇన్‌స్టాలో టీషర్టులు అమ్ముతూ పోస్టులు. కడుపు మండింది. వాళ్ళ పాటలు ఇప్పటికీ బాగుంటాయి కానీ వినాలనిపించదు.

డిజిటల్ గురించి అయితే, దయచేసి ఆపకండి. నేను ఆ రోజు కోసం క్యాలెండర్‌లో రాసుకుంటా. ప్లేటు వచ్చేదాకా పాటలు ఇయర్‌ఫోన్స్‌లో వింటా, ప్లేటు వచ్చాక అన్ని పనులూ ఆపి కూర్చుని వింటా, రెండూ వేరు వేరు వినడాలు. వీలైతే ప్రీఆర్డర్ చేసినవాళ్ళకి డౌన్‌లోడ్ ఒక రోజు ముందు ఇవ్వండి, అంతకన్నా ఏం అక్కర్లేదు.

సోషల్ మీడియా పోస్టు మీద మాత్రం ఆధారపడొద్దు. నేను ఫాలో అయ్యే బ్యాండ్ల పోస్టులు నాకే కనబడవు, నాలుగు రోజుల తర్వాత ఎప్పుడో తేలతాయి. మెయిల్ అయితే నా దగ్గరికే వస్తుంది. సబ్జెక్ట్‌లో మీ బ్యాండ్ పేరు, "రికార్డు ఆలస్యం" అన్న మాట రెండూ ఉండాలి, లోపలెక్కడో నాలుగో పేరాలో దాచొద్దు.

---

ఎడమచెయ్యి_డ్రమ్స్:

@రెండోవైపు_ముందు "రెండూ వేరు వేరు వినడాలు" అన్నారు చూడండి, అది నేను ఆలోచించలేదు. మొదటి ఆల్బమ్ డబ్బాలు వచ్చినప్పుడు మేం చేసింది ఏంటంటే "ప్లేట్లు వచ్చాయి, కొనండి" అని ఒక లైన్, అంతే. కొత్తగా చెప్పిందేం లేదు, వాళ్ళు మాత్రం ఏమంటారు. ఇప్పుడనిపిస్తోంది, ప్లేటు రాకని కూడా ఇంకో రిలీజ్ లాగే చూడాల్సింది, దాని గురించి విడిగా రాయాల్సింది, ఆ వారమే షో పెట్టుకుని మొత్తం 1వ పాట నుంచి ఆఖరు దాకా ప్లేటు వరసలో వాయించాల్సింది. అది జరిగేలా చూసుకుంటే డిజిటల్ ముందు వదలడానికి నాకూ అభ్యంతరం లేదు.

---

నాలుగో_తీగ:

అప్‌డేట్. అందరికీ చాలా థాంక్స్, ముందు ఇది చెప్పాలి.

నిన్న రాత్రి నలుగురం కూర్చుని అయిదు టెస్ట్ ప్రెసింగ్స్ వరసపెట్టి విన్నాం. అయిదింటిలోనూ ఉంది, అదే చోట, ఒక్క టిక్కే, మళ్ళీ రావట్లేదు. ఫోన్‌లో టార్చ్ వేసి ప్లేటు వాలుగా పట్టుకుని చూస్తే గాడిలో చుక్కంత మెరుపు కనిపిస్తోంది, ఆవగింజలో పావు కూడా ఉండదు. ప్లాంట్‌కి మదర్ వినమని రాశాం, ఇంకా జవాబు రాలేదు.

ఉత్తరం మాత్రం పంపేశాం, 64 మందికీ ముందు, అరగంట తర్వాత మిగతా లిస్టుకి. ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నా:

"సబ్జెక్ట్: మా రికార్డు ఆలస్యం అవుతోంది, పాటలు మాత్రం చెప్పిన రోజే

రికార్డులు 300 నొక్కే ముందు ప్లాంట్ వాళ్ళు శాంపిల్‌గా 5 పంపుతారు. అవి వచ్చాయి. వింటే రెండో వైపు మూడో పాటలో, వాయిద్యాలన్నీ ఆగి గొంతు ఒక్కటే మిగిలే చోట, టిక్‌మని ఒక శబ్దం ఉంది. అయిదింటిలోనూ ఉంది. మీరు డబ్బు పెట్టి కొన్న రికార్డులో ఆ శబ్దం ఉండకూడదు, అందుకే ఆపమని చెప్పాం. సరిచేయడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఇంకా తెలీదు కాబట్టి కొత్త తేదీ చెప్పట్లేదు. కొత్త శాంపిల్ విని, అది బాగుంటే, ఆ రోజే మీకు రాస్తాం. ఈలోపు ప్రతి రెండు వారాలకీ ఒకసారి ఏం జరుగుతోందో చెప్తాం, చెప్పడానికి ఏం లేకపోతే ఏం లేదనే చెప్తాం. పాటలు ముందు చెప్పిన శుక్రవారమే వస్తాయి. రికార్డు ముందే కొన్నవాళ్ళకి గురువారం సాయంత్రం డౌన్‌లోడ్ లింక్ వస్తుంది. డబ్బు వెనక్కి కావాలంటే ఈ మెయిల్‌కి జవాబివ్వండి, కారణం చెప్పక్కర్లేదు."

పంపేటప్పుడు చేతులు వణికాయి. ఇప్పటిదాకా 19 మంది జవాబు రాశారు. ఒకరు డబ్బు అడిగారు, వెంటనే పంపేశాం. మిగతావాళ్ళలో ఒకాయన "ఆ టిక్ ఉన్న శాంపిల్ ఒకటి అమ్ముతారా, నాకు అదే కావాలి" అన్నారు. ఇంకొకరు రెండో కాపీ ఆర్డర్ చేశారు. ఇందాక చెప్పానే, షో తర్వాత వచ్చి అడిగిన అమ్మాయి, తనూ ఆ 64లో ఉంది, నాకు ఇవాళే తెలిసింది. "ఈసారి చెప్పారు అన్నా" అని ఒక్క లైన్ రాసింది. నేను ఆ మెయిల్ చదివి కాసేపు బయటికెళ్ళి నిలబడ్డా.

---

సూదిమొన:

ఉత్తరం చాలా బాగుంది. ఒక్కటే టిక్, అయిదింటిలో, చుట్టుకి చుట్టుకి రాకపోవడం, చుక్కలా కనబడటం, ఇవన్నీ చూస్తే స్టాంపర్ మీద మచ్చ అనే నా అనుమానం. చూద్దాం.

కొత్త టెస్ట్ ప్రెసింగ్ వచ్చినప్పుడు ఆ ఒక్క చోటు విని సంతోషపడి వదిలేయకండి, స్టాంపర్ కొత్తదైతే కొత్త లోపాలు రావొచ్చు. మొత్తం వినండి, హెడ్‌ఫోన్స్‌తో ఒకసారి, స్పీకర్లలో ఒకసారి. ఎక్కడైనా జిప్పు లాగినట్టు బరబరమని వస్తే గాడిలోకి పీవీసీ పూర్తిగా నిండలేదని. పొడుగ్గా లాగే నోట్లు ఊగుతున్నట్టుంటే మధ్య రంధ్రం పక్కకి జరిగిందని. ఆఖరి పాట చివర్లో స, ష శబ్దాలు చీలినట్టుంటే మాత్రం అది లోపలి గాడుల సహజ గుణం. అదే 1.8 సెకన్లలో బయటి గాడి కన్నా లోపలి గాడి సగం కన్నా తక్కువ దూరం తిరుగుతుంది, వివరాలు పట్టడానికి చోటుండదు. అందుకే ప్రతి వైపూ ఆఖర్న గోలగా ఉండే పాట పెట్టొద్దని నేను బ్యాండ్లకి చెప్తుంటా. మీ వరసలో ఆఖరి పాట ఏంటి?

---

నాలుగో_తీగ:

రెండు వైపులా ఆఖరివి నెమ్మది పాటలే, తెలిసి పెట్టలేదు, అలా కుదిరింది.

ప్లాంట్ నుంచి జవాబొచ్చింది! మదర్ శుభ్రంగా ఉందంట, టిక్ లేదు. మళ్ళీ కోయక్కర్లేదు, కొత్త స్టాంపర్ పెంచి కొత్త టెస్ట్ ప్రెసింగ్స్ పంపుతామన్నారు. ఎన్ని రోజులో కూడా చెప్పారు కానీ చిన్న_లేబుల్ గారి మాట గుర్తుపెట్టుకుని అది ఇక్కడ కూడా రాయట్లేదు. 64 మందికి, సారీ ఇప్పుడు 63 ప్లస్ ఒకరి రెండో కాపీ, రేపు పొద్దున్న రెండో మెయిల్ వెళ్తుంది, మదర్ అంటే ఏంటో అందులో సూదిమొన గారు చెప్పినట్టే రాస్తున్నా, మీకు ఓకేనా?

డ్రమ్మర్ కూడా ఒప్పుకున్నాడు. ప్లేట్లు చేతికొచ్చిన వారం షో పెట్టి, 9 పాటలూ ప్లేటు వరసలో వాయించాలి, మధ్యలో వైపు మార్చేంత సేపు ఆగాలి అని కండిషన్ పెట్టాడు.

---

సూదిమొన:

తప్పకుండా రాయండి. మదర్ ఫోటో ఒకటి అడిగి పెట్టండి ప్లాంట్‌ని, చూడటానికి చాలా అందంగా ఉంటుంది.